బెంగళూరు థీమ్ పార్కులు, రైడ్లు: తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ వీకెండ్‌కి పార్కు ప్లాన్ వేసేవాళ్లకీ, సెలవులకి ఊళ్ల నుంచి వచ్చే చుట్టాలని తిప్పాల్సినవాళ్లకీ పనికొచ్చే జవాబులివి. ఎక్కువ భాగం బిడది దగ్గరి వండర్‌లా పార్కు గురించే ఉంటుంది, ఎందుకంటే ఈ ఊళ్లో పెద్ద రైడ్లంటే అదే. చెన్నై సంగతి చివర్లో ఉంది.

అరవై రైడ్లున్నాయంటున్నారు. ఒక్క రోజులో అన్నీ ఎక్కగలమా?

ఎక్కలేరు. ఎక్కాల్సిన అవసరమూ లేదు. బోర్డు మీద రాసే సంఖ్యలో పసిపిల్లల గుర్రాలు, బొమ్మ కార్లు, పూల్స్, షోలు అన్నీ కలిసే ఉంటాయి. పార్కు సుమారు ఏడు గంటలు తెరిచి ఉంటుందనుకోండి, అంటే 420 నిమిషాలు. భోజనానికి 40, రెండుసార్లు బట్టలు మార్చుకోవడానికి ఇంకో 40 తీసేయండి. మిగిలిన 340 నిమిషాల్లో నడక, క్యూ, రైడ్ కలిపి ఒక్కోదానికి 18 నిమిషాలు వేసుకున్నా 18, 19 రైడ్లు. అది జనం లేని రోజు లెక్క. ఆదివారమైతే ఎనిమిదో పదో.

అందుకే ముందురోజు రాత్రే, తప్పకుండా ఎక్కాల్సినవి ఆరు రాసుకోండి. ఆ ఆరూ అయ్యాక దొరికినవన్నీ లాభమే. "ఏది ఖాళీగా ఉంటే అది ఎక్కుదాం" అని వెళ్లినవాళ్లే సాయంత్రం ఐదింటికి పెద్ద రైడ్ల క్యూ చివర కనిపిస్తారు.

ఏ రోజు వెళ్తే జనం తక్కువ?

మంగళ, బుధ, గురువారాలు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఏ రోజైనా ఒకటే, స్కూళ్ల సెలవులు కదా. కర్ణాటకలో దసరా సెలవులు ఎక్కువ రోజులిస్తారు, ఆ రోజుల్లోనూ రద్దీ తప్పదు. సంక్రాంతికి మనవాళ్లు ఊళ్లకి వెళ్లిపోతారు కాబట్టి ఖాళీగా ఉంటుందనుకుంటారు. ఇక్కడి వాళ్లకీ అది సెలవే.

నవంబరు నుంచి జనవరి దాకా ఇంకో తిరకాసు. వారం మధ్యలో స్కూల్ పిక్నిక్ బస్సులు వస్తాయి. గేటు దగ్గర వరసగా పసుపు బస్సులు చూసి కంగారు పడకండి. ఆ పిల్లల్లో చాలామంది పెద్ద రైడ్లకి కావలసిన ఎత్తుండరు. వేవ్ పూల్, చిన్న స్లైడ్లు కిక్కిరిసిపోతాయి గానీ రోలర్ కోస్టర్ క్యూ మామూలుగానే ఉంటుంది. కోస్టర్ల కోసమే వెళ్లేవాళ్లకి ఈ రోజులు నిజానికి మంచివే.

బిడదికి ఎలా చేరాలి?

వండర్‌లా మైసూరు రోడ్డు మీద, ఊరి నడిబొడ్డు నుంచి సుమారు 28 కిలోమీటర్లు. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఉండేవాళ్లు పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా చివరి స్టేషన్ చల్లఘట్ట దాకా వెళ్లొచ్చు. అక్కడి నుంచి బస్సో క్యాబో చూసుకోవాలి. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకి నైస్ రోడ్డే మేలు, టోల్ కట్టినా సిల్క్ బోర్డు ట్రాఫిక్ బాధ తప్పుతుంది. నేరుగా వెళ్లే బస్సులు మెజెస్టిక్ బస్టాండ్ నుంచి దొరుకుతాయి.

బైకు మీద వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గంలోకి 2023 ఆగస్టు నుంచి ద్విచక్ర వాహనాలకీ ఆటోలకీ ప్రవేశం లేదు, సర్వీస్ రోడ్డే గతి. కారైనా ముందే సర్వీస్ రోడ్డులోకి దిగిపోండి. ప్రధాన మార్గంలో ఉండిపోతే దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి తిరగడానికే అరగంట పోతుంది.

హైదరాబాద్, విజయవాడ వైపు నుంచి రాత్రి బస్సు దిగి సూట్‌కేసులతో నేరుగా పార్కుకి వెళ్లకండి. అక్కడి లాకర్లు బ్యాక్‌ప్యాక్ సైజువి. సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లోనో ఏ స్నేహితుడి పీజీలోనో పెట్టి కదలండి.

లోపలికి వెళ్లాక దేంతో మొదలుపెట్టాలి?

గేటు తీయగానే చాలామంది దగ్గర్లో కనిపించిన మొదటి రైడ్ దగ్గరే ఆగిపోతారు. మీరు ఆగకండి, లోపలికి నడవండి. మొదటి గంట అసలైన బంగారం. ఆ గంటలో క్యూ నెమ్మదిగా కదిలే రైడ్లని పూర్తి చేయాలి. గుర్తుంచుకోండి, ఎక్కువ పేరున్నవి కాదు, నెమ్మదిగా కదిలేవి.

ఆ తర్వాత వరస ఇలా. ముందు రోలర్ కోస్టర్లు, పైనుంచి పడేసే టవర్ రైడ్లు. తర్వాత లోలకంలా ఊగేవి. గిరగిరా తిప్పేవి వాటి తర్వాత, భోజనానికి కనీసం ముప్పావు గంట ముందు అయిపోవాలి. భోజనం అయ్యాక ఏసీ హాల్లో కూర్చునే షోలు, సినిమా తరహా రైడ్లు. ఆ తర్వాత నీళ్లు. నీటి రైడ్లని పొడి రైడ్ల కన్నా ఆలస్యంగా తెరిచి, సాయంత్రం ముందే మూసేస్తారు. ఆ రోజు వేళలు గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి. ఒకసారి తడిశాక మళ్లీ పొడి రైడ్లకి రావాలంటే బట్టలు మార్చుకోవాల్సిందే, అందుకే నీళ్లని మధ్యలో ఇరికించకూడదు.

క్యూలో ఎంతసేపు పడుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

జనాన్ని చూసి అంచనా వేయకండి, రైడ్‌ని చూసి వేయండి. రెండే లెక్కలు. ఒకసారికి ఎంతమంది కూర్చుంటున్నారు? ఒకసారి బయల్దేరాక మళ్లీ బయల్దేరేదాకా ఎన్ని నిమిషాలు? ఫోన్‌లో ఒక్క రౌండు టైము చూసుకుంటే చాలు. ఉదాహరణకి 28 సీట్లు, నాలుగు నిమిషాలకో రౌండు అనుకుందాం. మీ ముందు 140 మంది ఉంటే ఐదు రౌండ్లు, ఇరవై నిమిషాలు. అదే 140 మంది 12 సీట్ల రైడ్ దగ్గరుంటే పన్నెండు రౌండ్లు, దాదాపు యాభై నిమిషాలు. రెండు క్యూల పొడవూ చూడ్డానికి ఒకటే.

ఇందులో తేడా వచ్చేది ఎక్కించే దగ్గర. చెప్పులు విప్పడం, ఫోన్లు డబ్బాలో వేయడం, "మేం నలుగురం కలిసే కూర్చుంటాం" అని బేరాలు. ఒంటరిగా ఎవరొస్తారని ఆపరేటర్ కేకేస్తే చెయ్యెత్తండి. జంటల మధ్య మిగిలిన సీటు అలా చెయ్యెత్తినవాళ్లకే.

ఫాస్ట్ ట్రాక్ టికెట్ (ఎక్కువ డబ్బు కట్టి పెద్ద క్యూ తప్పించుకునేది) కొనడం దండగేనా?

వారం మధ్యలో దండగే. సెలవుల్లో, లాంగ్ వీకెండ్‌లో, అదీ ఆరు పెద్ద రైడ్లకి తగ్గకుండా ఎక్కేవాళ్లకి పనికొస్తుంది. ఏయే రైడ్లకి ఫాస్ట్ ట్రాక్ వర్తిస్తుందో కొనేముందు చదవండి. ఎత్తు చాలని పిల్లలకి, నీళ్లలోనే ఉండేవాళ్లకి కొంటే నష్టమే. టికెట్ ధర మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, పార్కుల ధరలు పోల్చేటప్పుడు అది కలిపారో లేదో చూసుకోండి. స్టూడెంట్ డిస్కౌంట్‌కి కాలేజీ ఐడీ కార్డు అసలుదే పట్టుకెళ్లండి.

రికాయిల్‌లో అసలేం జరుగుతుంది? ఏ సీటు మంచిది?

బిడది వండర్‌లాలోని రికాయిల్, నెదర్లాండ్స్ కంపెనీ వెకోమా తయారుచేసే బూమరాంగ్ రకం కోస్టర్. ఈ రకం 1984 నుంచి ప్రపంచమంతా తిరుగుతోంది. పట్టా గుండ్రంగా కలవదు. రెండు చివరలా రెండు ఏటవాలు టవర్లు, ఒక్కోటీ సుమారు 35 మీటర్లు. మధ్యలో మెలికలు.

హార్నెస్‌లు (భుజాల మీదుగా దిగి మనిషిని సీటుకి పట్టి ఉంచే చట్రాలు) బిగించాక రైలు ముందుకి పోదు, వెనక్కి పోతుంది. వెనకున్న చిన్న బండి ఒకటి రైలుని పట్టుకుని వెనక టవర్ మీదకి లాక్కెళ్తుంది. మొహం నేలవైపు వాలుతుంది. ఒంటి బరువంతా వీపు మీంచి జారి భుజాల మీది హార్నెస్ మీద పడుతుంది, కింద స్టేషన్ రేకుల కప్పు కనిపిస్తుంటుంది. పైన ఒక్క క్షణం ఆగి, వదిలేస్తుంది. గంటకి 75 కిలోమీటర్ల వేగంతో స్టేషన్ మధ్య నుంచే దూసుకెళ్లి, పాము పడగలాంటి మెలికలో రెండుసార్లు, లూప్‌లో ఒకసారి తలకిందులై రెండో టవర్ ఎక్కుతుంది. అక్కడ గొలుసు పట్టుకుని మరికాస్త పైకి లాగుతుంది. ఇప్పుడు మొహం ఆకాశంవైపు. మళ్లీ వదిలేస్తే వచ్చిన దారంతా వెనక్కి. మొత్తం ఆరుసార్లు తలకిందులు.

సీటు మాటకొస్తే, వెనక వరస మొదటి టవర్ మీద అందరికన్నా ఎత్తుకి వెళ్తుంది, ముందు వరస రెండో టవర్ మీద వెళ్తుంది. మొదటిసారి ఎక్కేవాళ్లకి మా ఓటు ముందు వరసకే. ఎదురుగా ఏమీ అడ్డుండదు, వెనక్కి వచ్చేటప్పుడు చివర ఉన్నది మీరే కాబట్టి ఆ విసురూ మీకే. మెడనొప్పి ఉన్నవాళ్లు ఈ రైడ్ జోలికే పోవద్దు. కుదుపు తక్కువ కావాలనుకునేవాళ్లు మధ్య వరసలు చూసుకోండి.

బూమరాంగ్‌ల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు చెవులు హార్నెస్‌కి కొట్టుకోవడం. పడగ మెలికలో రైలు ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది, తల మాత్రం పాత దారిలోనే పోతుంది. తలని వెనక దిండుకి గట్టిగా ఆనించి, దవడ బిగించి, రెండు చేతులతో పిడులు పట్టుకోండి. కమ్మలు, జూకాలు తీసేయండి. చేతులు పైకెత్తి కేకలేయాలన్న సరదా ఇంకో రైడ్‌లో తీర్చుకోండి.

ఇంకో మాట. వెళ్లిన రైలు అదే స్టేషన్‌కి తిరిగి రావాలి కాబట్టి ఇందులో రెండో రైలు నడపడం కుదరదు. ఒకటి తిరుగుతుంటే ఇంకోటి ఎక్కించుకుంటూ ఉండే వీలు లేదు. అందుకే క్యూ అంత నెమ్మది, అందుకే పొద్దున్నే ముందు దీని దగ్గరికి వెళ్లమనేది.

కోస్టర్ మధ్యలో ఆగిపోతే ప్రమాదమా?

చాలావరకు కాదు. ఏదో ఒక సెన్సర్ సరిగ్గా చూపకపోతే కంప్యూటర్ అన్నిటినీ ఆపేస్తుంది, ఆగడమే దాని పని. గొలుసుతో పైకెక్కే కోస్టర్లలో టకటకమని వినిపించే శబ్దం పళ్లచట్రం మీద కొక్కేలు పడుతున్నది. గొలుసు తెగినా రైలు వెనక్కి జారకుండా ఆపేవి ఆ కొక్కేలే. ఆగినప్పుడు చేయకూడనిది ఒక్కటే, హార్నెస్ సొంతంగా లాగి దిగబోవడం. సిబ్బంది మెట్లదారిలో వచ్చి ఒక్కో వరసనీ విప్పుతారు.

పిల్లలకి ఎత్తు నిబంధన ఎందుకంత కచ్చితం? ఒక్క సెంటీమీటరే కదా తక్కువ!

పెద్ద రైడ్లకి 140 సెంటీమీటర్లు ఉండాలి. హార్నెస్ భుజం మీద కూర్చోవాలి, మెడ మీద కాదు. పొట్టి పిల్లాడికి అది మెడ దగ్గరికొస్తుంది, కింద తొడలకీ సీటుకీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోంచే జారిపోయే ప్రమాదం. ఆపరేటర్‌తో వాదించొద్దు, ఎత్తు మడమల చెప్పులు వేసి మోసం చేయొద్దు. ఇంట్లోనే గోడకి నిలబెట్టి, చెప్పుల్లేకుండా కొలిచి, పిల్లాడికి ముందే చెప్పి తీసుకెళ్లండి. గేటు దగ్గర ఏడుపు తప్పుతుంది. టికెట్ కూడా వయసు బట్టి కాదు, ఎత్తు బట్టే.

లావుగా ఉన్న పెద్దవాళ్లకీ ఇలాంటిదే ఒకటుంది. హార్నెస్ పూర్తిగా దిగి, బెల్టు టక్కుమని పడాలి. పడకపోతే బలవంతం చేయించుకోకుండా దిగిపోండి.

కాటన్ బట్టలతో నీళ్లలోకి ఎందుకు రానివ్వరు?

అక్కడి కాస్ట్యూమ్ షాపు అమ్మకాల కోసమే అనుకుంటారు చాలామంది. కారణాలున్నాయి. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, స్లైడ్‌కి అతుక్కుని మధ్యలో ఆపేస్తుంది. వెనక వచ్చేవాళ్లు మీ వీపుని గుద్దుతారు. దాని నూగు, రంగు ఫిల్టర్లలోకి పోతాయి. జీన్స్ గుండీలు, జిప్పులు ఫైబర్‌గ్లాస్ మీద గీతలు పెడతాయి, ఆ గీతలు తర్వాతివాళ్ల చర్మాన్ని కోస్తాయి.

నైలాన్, పాలిస్టర్, లైక్రా ఏదైనా సరే. ఇంట్లో పడి ఉన్న ఐపీఎల్ జెర్సీ, పాలిస్టర్ షార్ట్ చాలు. ఆడవాళ్లకి లైక్రా లెగ్గింగ్స్ మీద పొడుగు చేతుల పాలిస్టర్ టీషర్టు హాయిగా ఉంటుంది, ఎండకి చేతులు కమలవు. లెగ్గింగ్స్ కొనేముందు లేబుల్ చదవండి, బజార్లో చాలావాటిలో కాటనే ఎక్కువ. చీర, చున్నీ, లంగా ఓణీ అస్సలు వద్దు.

నీటి స్లైడ్ మీద ఎలా కూర్చోవాలి?

వెల్లకిలా పడుకుని, చీలమండలు ఒకదానిమీద ఒకటి వేసి, చేతులు గుండెల మీద కట్టుకోవాలి. మోచేతులు ఆనిస్తే చర్మం లేచిపోతుంది. మధ్యలో లేచి కూర్చుంటే వేగం తగ్గి ఆగిపోతారు. పచ్చదీపం పడేదాకా, లేదా గార్డు చెప్పేదాకా కదలొద్దు. కిందకి చేరగానే ముందు పక్కకి తప్పుకోండి, ముక్కులో నీళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇంకా వేగం కోరుకునేవాళ్లు ఒక కిటుకు వాడతారు: మడమలు, భుజాలు మాత్రమే ఆనేలా నడుముని కాస్త పైకెత్తడం. రాపిడి తగ్గుతుంది, వేగం పెరుగుతుంది.

వేవ్ పూల్‌లో జాగ్రత్తలేంటి?

అలలు వచ్చేముందు సైరన్ మోగుతుంది, అవి కాసేపు వచ్చి కాసేపు ఆగుతాయి. ఈత రానివాళ్లు నడుము లోతు దాటొద్దు, ఎందుకంటే అల వచ్చినప్పుడు ఆ నీరే గొంతు దాకా లేస్తుంది. పిల్లలు మీ చెయ్యి అందే దూరంలో ఉండాలి. గట్టు మీద కూర్చుని ఫోన్‌లో వీడియో తీస్తూ కాపలా కాయడం కాపలా కాదు.

ఘాటైన క్లోరిన్ వాసన వస్తే మందు ఎక్కువైందనుకోకండి. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి పుట్టే పదార్థాల వాసన అది. కళ్లు మండేదీ వాటివల్లే. దిగేముందు షవర్ కింద నిలబడమనేది అందుకే.

వాంతులు కాకుండా ఏం తినాలి?

ఖాళీ కడుపు కూడా తిప్పుతుంది. ఎనిమిదిన్నర, తొమ్మిదింటికి రెండు ఇడ్లీలు సరిపోతాయి, బిడది తట్టె ఇడ్లీకే పేరు కదా. పైన వెన్నముద్ద మాత్రం వద్దనండి. మధ్యాహ్నం పెరుగన్నం. ముందురోజు రాత్రి రెండింటిదాకా బిర్యానీ తిని వచ్చినవాళ్లని తిరిగే రైడ్లు వదిలిపెట్టవు.

తిరిగేటప్పుడు కళ్లు మూసుకుంటే కొందరికి ఇంకా ఎక్కువవుతుంది. మీతోపాటు తిరిగే వస్తువుని, అంటే ఎదుటి సీటునో మీ చేతుల్నో చూస్తుండండి. వరసగా రెండు తిరిగే రైడ్లు ఎక్కొద్దు. ప్రయాణపు మాత్రలు నిద్ర తెప్పిస్తాయి, డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. బయటి తిండి లోపలికి రానివ్వరు, పసిపిల్లల ఆహారానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు.

నగలు, కళ్లద్దాలు, గుండు పిల్లలు?

మంగళసూత్రం, నల్లపూసలు బట్టల లోపలికి వేసి పిన్ను పెట్టినా నీటి స్లైడ్‌లో తెగిపోవచ్చు. లాకర్ కన్నా ఇంట్లోనే మేలు. గాజులు పగులుతాయి, పట్టీలు మెష్‌లో చిక్కుకుంటాయి. చిన్నపిల్లల వెండి మొలతాడు తప్పకుండా తీయాలి, స్లైడ్ అతుకుల్లో పట్టుకునేవాటిలో అదొకటి. కళ్లద్దాలకి వెనక తాడు కట్టుకోండి. కాంటాక్ట్ లెన్సులతో పూల్‌లోకి దిగొద్దు, కంటి ఇన్‌ఫెక్షన్ ప్రమాదం నిజం. తిరుపతి నుంచి అటే వచ్చిన గుండు పిల్లలకి నీళ్లలో టోపీ నిలవదు కాబట్టి, తల మీద సన్‌స్క్రీన్ రాసి రెండు గంటలకోసారి మళ్లీ రాయండి.

ఎవరు ఎక్కకూడదు?

గర్భిణులు, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మెడ, వెన్ను సమస్యలు, ఇటీవల ఆపరేషన్ అయినవాళ్లు. రికాయిల్ లాంటి వాటిలో కొన్ని క్షణాలు ఒంటి బరువు సుమారు ఐదు రెట్లవుతుంది. షుగర్ ఉన్నవాళ్లు భోజనం వేళ తప్పించొద్దు. పీరియడ్స్‌లో ప్యాడ్‌తో నీళ్లలోకి దిగితే అది నీరు పీల్చేసి పనికిరాకుండా పోతుంది. కప్ అలవాటుంటే సరే, లేదంటే ఆ రోజు పొడి రైడ్లే.

వాన పడితే డబ్బులు పోయినట్టేనా?

జల్లుకి చాలా రైడ్లు నడుస్తాయి. పెద్ద వాన, ఉరుములు, ఈదురుగాలి వస్తే ఎత్తైనవి ఆపేస్తారు. తడిస్తే రాపిడి బ్రేకుల పట్టు తగ్గుతుంది, ఉక్కు టవర్ల మీద పిడుగు భయం ఉండనే ఉంది. వాన ఆగాక ఖాళీ రైలుని రెండుమూడుసార్లు తిప్పి చూస్తారు. అది తిరగడం కనిపించగానే క్యూలోకి వెళ్లిపోండి, సగం జనం ఫుడ్ కోర్టులోనే ఉండిపోతారు.

హైదరాబాద్‌లోనూ వండర్‌లా ఉందిగా, బెంగళూరు ఎందుకు? మరి చెన్నై?

రావిర్యాలలో 2016లో తెరిచిన పార్కులోనూ రికాయిల్ ఉంది. కాబట్టి దానికోసమే ఇంత దూరం రానక్కర్లేదు. ఏప్రిల్, మేలో తేడా ఎండది. బెంగళూరు 900 మీటర్లకు పైనున్న ఊరు, మధ్యాహ్నం క్యూలో నిలబడగలం.

కోస్టర్ పిచ్చి ఉన్నవాళ్లు వెళ్లాల్సింది చెన్నైకే. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు తిరుపోరూర్ దగ్గర 2025 డిసెంబరులో వండర్‌లా తెరిచారు. అక్కడి తంజోర, స్విట్జర్లాండ్ కంపెనీ బొల్లిగర్ అండ్ మాబిలార్డ్ చేసిన ఇన్వర్టెడ్ కోస్టర్. పట్టా తల పైన ఉంటుంది, కాళ్లు గాల్లో వేలాడతాయి. రైలు పట్టా కింద వేలాడే ఈ తరహా కోస్టర్‌లో ముందు వరసే రాజా, వెనక వరసల్లో ముందున్నవాళ్ల సీట్లే కనిపిస్తాయి. చెప్పులు విప్పి ఎక్కాలి. చెన్నై ఎండకి నేల కాలుతుంది, రబ్బరు చెప్పులు మరవకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, ముందు వాతావరణం చూసుకుని బుక్ చేయండి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంజంబాక్కంలో వీజీపీ, ముట్టుకాడులో ఎంజీఎం పార్కులు ఉన్నాయి. అవి కుటుంబంతో పిక్నిక్‌కి బాగుంటాయి.

ఎగ్జిబిషన్లో, తిరునాళ్లలో రైడ్లు ఎక్కొచ్చా?

చూసి ఎక్కండి. రైడ్ కాళ్ల కింద చెక్కదిమ్మలు పగిలి ఉన్నాయా, ఒకపక్క భూమిలోకి దిగిందా? తొడల మీది కడ్డీకి పిన్ను ఉందా, లేక తాడు కట్టారా? తాడు కనిపిస్తే తిరిగి వచ్చేయండి. తిప్పేవాడు రైడ్ తిరుగుతుండగా ఫోన్ మాట్లాడుతుంటే కూడా అంతే. జెయింట్ వీల్‌లో పిల్లల్ని లేచి నిలబడనివ్వొద్దు. కొలంబస్‌లో (అటూ ఇటూ ఊగే ఓడ) గుండె జారేది రెండు చివరి బెంచీల్లో, భయపడేవాళ్లని మధ్యలో కూర్చోబెట్టండి.

సాయంత్రం ఎన్నింటికి బయల్దేరాలి?

ఆదివారమైతే మైసూరు నుంచి తిరిగొచ్చే కార్లన్నీ అదే రోడ్డు మీద ఉంటాయి, కెంగేరి, నాయండహళ్లి దగ్గర ఇరుక్కుంటారు. ఐదు లోపే బయటపడండి, లేదా పార్కు మూసేదాకా ఉండి, బయట తినేసి, తొమ్మిది తర్వాత కదలండి. మధ్యలో బయల్దేరడమే అన్నిటికన్నా చెడ్డది. చివరి అరగంటలో లాకర్ల దగ్గర, బట్టలు మార్చుకునే గదుల దగ్గర కూడా క్యూ ఉంటుంది, దానికి ఇరవై నిమిషాలు విడిగా ఉంచుకోండి. తడిబట్టలకి రెండు ప్లాస్టిక్ కవర్లు ఇంటి నుంచే తెచ్చుకోండి.